కాలువకు పైనున్న ఊళ్లు

నాగార్జునసాగర్ కుడికాలువ గట్టు మీద నిలబడితే ఒకవైపు పచ్చగా మిరప, వరి కనిపిస్తాయి. ఇంకోవైపు నేల మెల్లగా ఎత్తెక్కుతూ పోయి నల్లమల గుట్టల్లో కలుస్తుంది. కాలువకు దిగువన ఉన్నది ఆయకట్టు, ఎగువన ఉన్నది మెట్ట. 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుంచి పల్నాడులో వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు గుట్టల కింది ఊళ్లు, తండాలు ఈ తేడాతోనే బతుకుతున్నాయి. అంత పెద్ద డ్యాం మాచర్ల పక్కనే ఉంది. దాని నీళ్లు వీళ్ల చేలకు ఎక్కవు.

మొన్న ఎండాకాలంలో అటువైపు ఇద్దరితో కలిసి వెళ్లాను. ఒకాయన నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (డీఈ)గా రిటైరయ్యారు. రెండో మనిషి ఆయన తమ్ముడి కూతురు. గుట్టల ఊళ్లలో వాటర్‌షెడ్ పనుల మీద తిరుగుతుంది. ఒకే ఇంటి మనుషులైనా నీళ్ల మాట వస్తే ఎవరి దారి వారిదే. దారి పొడుగునా వాదులాడుకుంటూనే ఉన్నారు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నాకు అనిపించింది కూడా అక్కడక్కడా చెప్తాను.

వెల్దుర్తి మండలంలో ఒక తండా దగ్గర ఆగాం. మంచినీళ్ల బోరు దగ్గర పాతిక ముప్పై బిందెలు వరసలో ఉన్నాయి. మోటారు వేశారు. పైపు రెండుసార్లు దగ్గినట్టు గాలి వదిలింది. తర్వాత కాసేపు ఎర్ర నీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు వచ్చాయి. పావుగంట గడిచేసరికి మళ్లీ గాలి. వరసలో సగం బిందెలు ఖాళీగానే ఉండిపోయాయి. ఆడవాళ్లు విసుక్కోలేదు, కదల్లేదు. రెండు గంటలాగితే మళ్లీ ఊరుతుందని వాళ్లకు తెలుసు.

పెదనాన్న: చూశావుగా తల్లీ. అడుగున ఉంటే గదా పైకొచ్చేది. పైన మూరెడు మట్టి, కింద గట్టి రాయి. నువ్వు గుట్ట మీద ఎన్ని కందకాలు తవ్వించినా ఈ రాయి ఎన్ని నీళ్లు దాచుకుంటది? కృష్ణ నీళ్లు ఎత్తిపోయాల్సిందే. వరికపూడిశెల ఎత్తిపోతల అందుకే పెట్టింది.

అమ్మాయి: ఆ పేరు నేను బడికి పోయేనాటి నుంచి వింటన్నా పెదనాన్నా. 2019 ఎన్నికల ముందు ఒక శంకుస్థాపన, 2023 నవంబరు 15న మాచర్లలో ఇంకొకటి. మొదటి దశకు 340 కోట్లు, 24,900 ఎకరాలకు సాగునీళ్లు, 20 వేల మందికి తాగునీళ్లు అని చెప్పారు. బాగుంది, రావాలనే నేనూ కోరుకుంటా. అయితే ఈ బిందెలు ఇవాళ్టివి.

పెదనాన్న: ఆలస్యమైందంటే ఇంజనీర్లు నిద్రపోయి కాదు. మధ్యలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. దేశంలో అంత విస్తీర్ణమున్న పులుల అడవి ఇంకోటి లేదు. అందులో పైపు వేయాలంటే కాగితం ఢిల్లీ దాకా పోయి రావాలి. ఆ అనుమతికే ఏళ్లు పట్టింది.

అమ్మాయి: అనుమతికి ఏళ్లు పడతాయని మీకు ముందే తెలుసు గదా. అట్టాంటప్పుడు ఆ ఏళ్లలో ఈ తండా ఏం తాగాలో డీపీఆర్‌లో, అదే మీ పథకం నివేదికలో, ఒక్క పేజీ అన్నా ఉండాలి. పథకం వచ్చాక ఎన్ని ఎకరాలు పారుతుందో రాస్తారు. వచ్చేదాకా జనం సంగతి ఎవరూ రాయరు. నా కోపమల్లా అక్కడే.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని లెక్కలోకి దిగారు. లెక్క దొరికితే ఆయనకు ధైర్యం వస్తుంది.

పెదనాన్న: సరే, లెక్క చూద్దాం. మొదటి దశకు 1.57 టీఎంసీలు అనుకున్నాం. 24,900 ఎకరాల మీద పరిస్తే దాదాపు అడుగున్నర లోతు. ఒక ఆరుతడి పంట నిక్షేపంగా పండుద్ది. నీ చెక్‌డ్యాములు కరువు ఏడు ఇంత నీరిస్తాయా? వాన పడకపోతే చెక్‌డ్యాంలో ఏముంటది? గడ్డి మొలుస్తది.

అమ్మాయి: మీరు నీళ్లకు లెక్క వేశారు, నేను డబ్బుకు వేస్తా. 340 కోట్లను 24,900 ఎకరాలకు పంచితే ఎకరానికి లక్షా ముప్పై ఆరు వేల పైచిలుకు. వాటర్‌షెడ్ పథకంలో కేంద్రం కొండ ప్రాంతానికి పెట్టిన ఖర్చు లెక్క హెక్టారుకు 28 వేలు, అంటే ఎకరానికి పదకొండు వేల చిల్లర. మైదానానికైతే హెక్టారుకు 22 వేలే. పన్నెండో వంతు కూడా పెట్టకుండా, వాటర్‌షెడ్ వల్ల ఏమొచ్చిందని మమ్మల్ని నిలదీస్తారు.

పెదనాన్న: రెండూ ఒకటి కాదమ్మా. ఒకటి పంటకు హామీ, ఇంకోటి నేలకు తేమ. మామిడికాయతో చింతకాయకు పోటీ పెట్టమాక.

అమ్మాయి: పోటీ పెట్టేది నేను కాదు, మీ శాఖే. ఎత్తిపోతల వస్తదంటే గుట్టల మీద పని ఆగిపోద్ది. ‘ఎట్టాగూ కృష్ణ నీళ్లొస్తన్నాయిగా, కందకాలెందుకు’ అంటారు. అదీ రాదు, ఇదీ జరగదు.

ఈ మాటలో నిజముంది. మెట్ట ప్రాంతాల్లో నేను చాలాచోట్ల చూశాను. పెద్ద పథకం పేరు వినపడగానే చిన్న పనులకు చెయ్యి ఆడదు. ఆశ పెట్టడం వల్ల కూడా ఊళ్లు ఎండిపోతాయి.

పెదనాన్న: అసలు నీ గుట్ట మీద పడే వానెంత? అందులో మిగిలేదెంత?

అమ్మాయి: ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. తుపాను పట్టి ఒక రాత్రి పది సెంటీమీటర్లు కురిస్తే ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు. ఈ తండాలో అయిదొందల మంది ఉన్నారనుకోండి. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. ఏడాదికి కోటి లీటర్లు. అంటే పాతిక ఎకరాల గుట్ట మీద ఒక్క రాత్రి కురిసే వాన. అదుగో, ఆ కనిపించే గుట్టే వంద ఎకరాలకు తక్కువుండదు. ఆ నీళ్లన్నీ తెల్లారేసరికి మట్టిని కూడా వెంటేసుకుని వాగులో పడి, వాగు నుంచి కృష్ణలో కలుస్తన్నాయి. ఆ తర్వాత మీరు కరెంటు పెట్టి వాటినే పైకి ఎత్తాలంటన్నారు!

పెదనాన్న: (ముఖంలో ఉత్సాహంతో) లెక్క ఒప్పే. కాకపోతే ఆ పది సెంటీమీటర్లు నీ చేతికి చిక్కవు. కొంత నేల తాగుద్ది, కొంత చెట్టు తాగుద్ది. కుంటలో నిలిపిన నీళ్లను ఎండ తాగుద్ది. మనది ఏ ఊరనుకున్నావ్? పక్కనే రెంటచింతల. రాష్ట్రంలో ఎండ ఎక్కువన్న రోజల్లా రేడియోలో వినపడే పేరు అదే. మే నెలలో తెరిచిన కుంట రోజుకు సెంటీమీటరు దాకా తగ్గిపోద్ది. మీటరు లోతున్న కుంట మూడు నెలల్లో ఖాళీ.

అమ్మాయి: నేల తాగితే పోయినట్టు కాదు పెదనాన్నా, దాచినట్టు. అందుకే కుంటలో నిల్వ పెట్టమనను, ఇంకించమంటా. గుట్ట తల మీద కందకాలు, నడుమ రాతికట్టలు, కింద ఊటకుంట. పైనుంచి కిందికి రావాలి. కిందనే చెక్‌డ్యాం కట్టి పైన వదిలేస్తే అది ఎట్టా ఉంటదో మీకే చూపిస్తా పదండి.

చూపించింది. తండాకు కిలోమీటరున్నర దూరంలో, వాగుకు అడ్డంగా ఎన్నో ఏళ్ల కిందట కట్టిన చెక్‌డ్యాం. ఎవరు కట్టారో, ఏ పథకమో రాయను. అలాంటివి ఒక్క ఊళ్లో కాదు, చాలా ఊళ్లలో ఉన్నాయి. గోడ చెక్కుచెదరలేదు. కానీ దాని వెనక నీళ్లు నిలవాల్సిన చోట అంచు దాకా ఇసుక, గులకరాళ్లు నిండి కంపచెట్లు మొలిచాయి. మేకలు తిరుగుతున్నాయి. ఎడమ పక్క గోడ ఒడ్డును కలిసే చోట మనిషి దూరేంత గండి. వరద వచ్చిన ప్రతిసారీ వాగు గోడను వదిలేసి ఆ పక్క నుంచి దారి చేసుకుంది.

పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని గండి అంచున మట్టిని వేలితో గీకారు. పొర పొరగా రాలింది.

పెదనాన్న: రెక్కగోడ ఒడ్డు లోపలికి ఇంకో రెండు మీటర్లు తీసుకుపోవాల్సింది. ఇది గట్టి మట్టి అనుకున్నారు, కాదు. (లేచి) ఇది మా పాపమేనమ్మా. కట్టింది ఏ శాఖైనా ఇంజనీరే గదా గీసింది.

అమ్మాయి: గండి సంగతి మీకు కనపడింది. పూడిక సంగతి చూడండి. పై గుట్ట మీద చెట్టు నరికి, మేపి, నేలను బోడి చేశాక వాన పడితే రాళ్లు రాక ఏమొస్తాయి? పైన పని చేయకుండా కింద గోడ కట్టారు. బిల్లు గోడకు వచ్చుద్ది, కందకంలో కాంట్రాక్టరుకు మిగిలేదేముంది?

హనుమంతరావు గారి కమిటీ 1994లో చెప్పింది కూడా ఈ మాటే. తెలుగువాడైన ఆర్థికవేత్త సీహెచ్ హనుమంతరావు నాయకత్వంలో ఆ కమిటీ కరువు పథకాలన్నీ తిరగేసి, శాఖకో పని, పనికో బిల్లు అన్న పద్ధతిని తప్పుపట్టింది. దాదాపు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా పెట్టుకోవాలని, ఊరి వాళ్ల కమిటీయే పని నడపాలని కోరింది. 1995 నుంచి ఆ మార్గదర్శకాలే అమల్లోకి వచ్చాయి. కాగితం మీద అప్పుడే దారి పడింది. నేల మీద మాత్రం ఇంకా గోడల వెంట పోతున్నాం.

ఇక్కడిదాకా అమ్మాయిదే పైచేయి అనుకున్నాను. చెక్‌డ్యాం దిగి కిందికి నడిచేటప్పుడు పెద్దాయన అడిగిన ప్రశ్నతో అంతా మారింది.

పెదనాన్న: సరే, నువ్వన్నట్టే పైనుంచి కిందికి బాగుచేశావు. నీళ్లు ఇంకినయ్. ఎవరి బోరుకు వస్తయ్?

అమ్మాయి: కిందున్న బోర్లకు.

పెదనాన్న: కింద బోరు ఎవరిది? నాలుగెకరాల మిరప వేసిన రైతుది. గుట్ట మీద కందకం తవ్విందెవరు? కరువు పనికి వచ్చిన తండా ఆడమనిషి. ఆమెకు భూమి లేదు, బోరు లేదు. ఊట పెరిగిందని తెలియగానే ఆయన ఇంకో బోరు వేస్తాడు, ఇంకో రెండెకరాలు మిరప పెంచుతాడు. మూడేళ్లకు మంచినీళ్ల బోరు మళ్లీ దగ్గుద్ది. కాలువ నీళ్లకైతే తూముంటది, లస్కరుంటాడు, ఎవడి వంతు వాడిది. నేల కింద నీళ్లకు తూమెక్కడ పెడతావ్?

అమ్మాయి: (చాలాసేపటికి) అదొక్కటే నన్ను నిద్రపోనీయదు పెదనాన్నా. వాల్టా చట్టం 2002 నుంచే ఉంది. తాగునీటి బోరుకు దగ్గరలో బోరు వేయకూడదంటది. రాత్రికి రాత్రి బండి వచ్చి వేసిపోతది. పొద్దున చూస్తే గొట్టం దిగి ఉంటది. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మొహమాటం.

పెదనాన్న: మరి?

అమ్మాయి: ఒక దారి మన పక్కనే కనపడింది. 2003 తర్వాత కొన్నేళ్లు ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాల లెక్క చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఆరొందలకు పైగా ఊళ్లు. పక్క ప్రకాశం జిల్లా కూడా అందులో ఉంది. రైతులే వర్షమాపకం పెట్టుకున్నారు. బావుల్లో నీటిమట్టం వాళ్లే కొలిచారు. రబీ ముందు అందరూ కూర్చుని, నేల కింద ఇన్ని నీళ్లున్నాయి, మనం వేయాలనుకున్న పంటలకు ఇన్ని కావాలి అని గోడ మీద రాసుకున్నారు. ఎవరినీ వరి వేయొద్దని బలవంతపెట్టలేదు. అయినా లెక్క కళ్లముందు కనపడేసరికి చాలాచోట్ల తామే వరి తగ్గించి ఆరుతడికి పోయారు. 

పెదనాన్న: భూమి లేనోళ్ల మాట?

అమ్మాయి: చండీగఢ్ పక్క కొండల్లో సుఖోమాజ్రి అని ఒక ఊరుంది. కొండవాలు కాపాడినందుకు ప్రతి ఇంటికీ, భూమి ఉన్నా లేకపోయినా, నీళ్లలో సమానంగా వంతు ఇచ్చారు. అంత దూరం ఎందుకు, కారంపూడిలో చాపకూడు మనదేగా! కులం చూడకుండా ఒకే చాప మీద అన్నం పెట్టిన బ్రహ్మనాయుడి కథ ఏటా చెప్పుకుంటాం. నాగులేటి ఒడ్డున అన్నం పంచుకున్న నేల, నీళ్లు పంచుకోలేదా?

పెదనాన్న: అన్నం ఒక పూట పెడితే అయిపోద్ది. నీళ్లు ఏటా పంచాలి. (ఆగి) అయినా నీ మాట కాదనను.

కొట్టిపారేసే మాట కాదది. నీటి సంఘాల చట్టం 1997లో వచ్చినప్పుడు ఆయకట్టు రైతుకు ఓటు దక్కింది. గుట్ట మీద కందకం తవ్విన మనిషికి ఏ చట్టం కిందా నీళ్ల మీద ఓటు లేదు. ఈ అన్యాయం సరిదిద్దకుండా ఎన్ని కోట్లు పోసినా మెట్ట ఊళ్ల దాహం తీరదని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణంలో వాదం కృష్ణ మీదికి మళ్లింది.

అమ్మాయి: మీరు కృష్ణను నమ్మమంటన్నారు. కుడికాలువకు కృష్ణ నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో 132 టీఎంసీలు ఉన్నాయి. మరి 2023లో ఏం జరిగింది? ఆ నవంబరు 30న తెల్లారేసరికి డ్యాం మీద మన ఆంధ్ర పోలీసులు. ఇరవై ఆరు గేట్లలో పదమూడు మనవాళ్లు స్వాధీనం చేసుకుని తాగునీళ్లకని కుడికాలువకు వదిలారు. కేంద్రం బలగాలు వచ్చి కూర్చున్నాయి. అర శతాబ్దానికి పైగా చరిత్ర ఉన్న డ్యాం దగ్గరే పరిస్థితి అట్టా ఉంటే, దాని పైనుంచి ఎత్తిపోసే నీళ్లకు ఏం భరోసా?

పెదనాన్న: అందుకేగా గోదావరి నీళ్లు తెద్దామంటన్నది. 2018 నవంబరులో నకరికల్లు దగ్గర గోదావరి–పెన్నా మొదటి దశకు శంకుస్థాపన చేసింది కుడికాలువ ఆయకట్టును కాపాడదామనే.

అమ్మాయి: తర్వాత ఏమైంది? పోలవరం–బనకచర్ల అన్నారు. 80 వేల కోట్లు, 200 టీఎంసీలు. అందులో బొల్లాపల్లి దగ్గర పెద్ద రిజర్వాయరు, అక్కడి నుంచి నల్లమల కింద సొరంగం తవ్వి రాయలసీమకు. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ నిపుణుల కమిటీ ఆ ప్రతిపాదన వెనక్కి పంపింది. సీమకు నీళ్లు ఇవ్వొద్దని నేనెందుకంటా, వాళ్లదీ మన దాహమే. కానీ బొల్లాపల్లి ఎట్టాంటి మండలమో మీకు తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంగని ముసలోళ్లు ఉన్న చోటు. అక్కడ రిజర్వాయరు గీసేటప్పుడు ఏ ఊరు మునుగుద్ది, ఏ తండాకు తాగునీళ్లొస్తాయి అని మొదట ఆ ఊళ్లోనే కూర్చుని అడిగారా?

పెదనాన్న: (నెమ్మదిగా) సాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయ ఖాళీ చేయించారు. ఇక్ష్వాకుల విజయపురి శిథిలాలు తవ్వి కొండ మీదికి చేర్చారు, మ్యూజియం కట్టారు. ఇక్ష్వాకుల ఇటుకలకు చోటు వెతికినంత జాగ్రత్తగా అక్కడి మనుషులకు వెతికారా అని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన అడిగాడు. అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పటికీ నా దగ్గర లేదు.

జీపులో ఎవరూ మాట్లాడలేదు. మాచర్ల దగ్గరపడుతుండగా ఆయనే మళ్లీ అందుకున్నారు.

పెదనాన్న: ఒకటి చెప్తా విను. కరువు మీద కరువు వచ్చి రెండేళ్లు వాన లేకపోతే నీ గుట్ట ఏమీ ఇవ్వదు. అప్పుడు పైపే దిక్కు. ఆ మాట నేను విడిచిపెట్టను. డొక్కల కరువు ఈ గుంటూరు సీమలోనే వచ్చింది, 1832–33లో. దాని పేరు చెప్తేనే మా నాయనమ్మ అన్నం పళ్లెం కళ్లకద్దుకునేది. అందుకే ఎత్తిపోతల కావాలి. ముందు తాగునీళ్లకు, ఆ తర్వాతే చేలకు.

అమ్మాయి: నేనూ వద్దనలేదు. పైపు వచ్చేలోపు గుట్ట తల బాగుచేయండి, ఆ నీళ్లను మంచినీళ్ల బోరుకు కట్టబెట్టండి అంటన్నా. అదీ ఊరి లెక్కతో, భూమి లేనోళ్ల వంతుతో. పైపు వచ్చినాక కూడా గుట్ట పనిచేస్తానే ఉంటది. పైపు పగిలిన రోజు అదే కాపాడుద్ది.

పెదనాన్న: ఊరి లెక్క అంటావు. ఎవరు రాస్తారు?

అమ్మాయి: తండాలో ఇంటర్ చదివే పిల్లలున్నారు. వర్షమాపకం ఒకటి, బోరులోకి దించే టేపు ఒకటి. ఇంతకన్నా ఏం కావాలి?

ఆయన మరుసటి ఆదివారం మళ్లీ ఆ తండాకు వెళ్లారు. ఈసారి నేను లేను, అమ్మాయి చెప్పింది. పాత కొలత టేపు చివర తూకపు గుండు కట్టి బోరులోకి దించి, ఇద్దరు పిల్లలకు చదవడం నేర్పారట. మొదటి అంకె పంచాయతీ గోడ మీద సుద్దతో వాళ్లచేతే రాయించారట. గండి పడ్డ రెక్కగోడకు కొత్త గీత గీసి ఇచ్చివచ్చారట.

పల్నాటి మెట్ట ఊళ్ల సర్పంచులకు, యువకులకు నాదొక విన్నపం. వరికపూడిశెల గానీ, గోదావరి అనుసంధానం గానీ, వాటర్‌షెడ్ గానీ, మీ ఊరి మీదుగా ఏ పథకం గీసినా దాని డీపీఆర్ తెలుగులో గ్రామసభలో చదివి వినిపించమని అడగండి. పథకం పూర్తయ్యేదాకా మీ ఊరు ఏ నీళ్లు తాగుతుందో అందులో ఉందేమో చూడండి. లేకపోతే ఆ పేజీ రాసేదాకా తీర్మానం మీద సంతకం పెట్టకండి. ఈ తొలకరికి ముందే ఊరికొక వర్షమాపకం పెట్టుకోండి.